జపాను వారి కొండ–నీరు, మన కొండాపూర్ రాళ్లు

(మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా రాసి ఇచ్చినది.)



డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకోవలసిన వేదిక మీద జపాను ప్రకృతి చిత్రాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. బకాయిల సంగతి తరువాతి వక్త చూసుకుంటారని హామీ ఇచ్చాకే ఒప్పుకున్నాను. నేను పండితుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. కొండలను కాంటూరు గీతలుగా, చెరువులను నీలి సిరాగా చూడడం నా ఉద్యోగం. ఆ అలవాటు వల్లనే జపాను వారి ఫోటోలు, వారి రాత, వారి చిన్న కవితలు నాకు నచ్చాయి. తెలుసుకున్న నాలుగు ముక్కలు మీ ముందు ఉంచుతాను.

ఒకే అక్షరం, మూడు పనులు

ముందుగా ఒక చిన్న విశేషం. జపాను భాషలో ఫోటోను ‘షాషిన్’ అంటారు. ఉన్న సత్యాన్ని నకలు తీయడం అని ఆ మాటకు అర్థం. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడాన్ని, హైకూలో ఉన్నట్టు చెప్పడాన్ని ‘షాసెయ్’ అంటారు. అంటే జీవితాన్ని నకలు తీయడం. బౌద్ధ సూత్రాన్ని కుంచెతో భక్తిగా తిరగరాయడాన్ని ‘షాక్యో’ అంటారు. ఈ మూడు మాటల్లోనూ మొదటి అక్షరం ఒకటే. ‘షా’ అంటే నకలు రాయడం, ప్రతి తీయడం.

ఆఫీసుల్లో జీవితమంతా ట్రూ కాపీలు తీసి సంతకాలు పెట్టినవాళ్లం మనం. ఈ మాట మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? కాపీ తీసేవాడికి ఒక నియమం ఉంది. ఒరిజినల్‌లో లేనిది చేర్చకూడదు, ఉన్నది వదలకూడదు. జపాను వారు ప్రకృతి దగ్గర కూర్చున్నప్పుడు పాటించే నియమం కూడా దాదాపు అదే.

ఇంకొక మాట. ప్రకృతి దృశ్యాన్ని వారు ‘సాన్‌సుయ్’ అంటారు. అది చైనా నుంచి వచ్చిన మాట. సాన్ అంటే కొండ, సుయ్ అంటే నీరు. కొండ, నీరు రెండూ ఉంటే దృశ్యం పూర్తయినట్టు లెక్క. మన ఊరి పేరులోనే కొండ ఉంది. పక్కన దుర్గం చెరువు ఉంది. కనుక ఈ విషయం మనకు పరాయిది కాదని మనవి.

అక్షరమాల మనదే

జపాను రాతకూ మనకూ పాత చుట్టరికం ఉంది. కూకై అనే బౌద్ధ భిక్షువు, 774లో పుట్టి 835లో పోయినవాడు, 804లో చైనా వెళ్లాడు. అక్కడ ప్రజ్ఞ అనే భారతీయ ఆచార్యుని దగ్గర సంస్కృతం నేర్చుకొని, బ్రాహ్మి సంతతిలోని సిద్ధం లిపిలో ఉన్న గ్రంథాలు పట్టుకొని 806లో తిరిగి వచ్చాడు. నేటికీ జపాను శ్మశానాల్లో పెద్దల పేర నిలబెట్టే కొయ్య పలకల మీద సిద్ధం లిపి బీజాక్షరాలు రాస్తారు. ఆ కూకై స్థాపించిన షింగోన్ సంప్రదాయంలో గురుపరంపరలో నాగార్జునుని పేరు వస్తుంది. మన కృష్ణానది ఒడ్డున నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తున్నదో మీకు చెప్పనక్కరలేదు.

జపాను పిల్లలు బడిలో నేర్చుకునే అక్షరాల వరుస ఎలా ఉంటుందో వినండి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క వరుస, స వరుస, త వరుస, న వరుస, హ వరుస, మ, య, ర, వ. మన ఓనమాలు చదివినవారికి ఇది వెంటనే పరిచయమైనదిగా తోస్తుంది. సంస్కృత వర్ణక్రమం చదివిన బౌద్ధ పండితుల వల్లనే ఆ వరుస ఏర్పడింది.

కూకై గొప్ప లేఖకుడు. జపాను వారు ముగ్గురు మహా లేఖకుల్లో ఒకడిగా ఆయనను లెక్కిస్తారు. ఆయన మీద రెండు సామెతలు ఉన్నాయి. మంచి రాతగాడు కుంచెను ఎంచుకోడు అని ఒకటి. మనం ‘ఆడలేక మద్దెల ఓడు’ అంటాం కదా, దాన్నే వారు అటువైపు నుంచి చెప్పారు. ఆయన చేతిలోనూ కుంచె ఒక్కోసారి తప్పుతుంది అని రెండవది. చేతులు వణికే వయసులో ఉన్న మనకు ఈ రెండవ సామెత కొంత ధైర్యం.

వారి అక్షర కళ పేరు ‘షోదో’, అంటే రాత మార్గం. దానికి కావలసినవి నాలుగు: కుంచె, సిరా కడ్డీ, సిరా అరగదీసే రాతి పలక, కాగితం. దీపపు మసిలో జిగురు కలిపి ఆ కడ్డీ చేస్తారు. మనం డ్రాయింగ్ బోర్డు మీద వాడిన ఇండియన్ ఇంకు కూడా మసి సిరాయే. రాయబోయేముందు నీళ్లు పోసి నెమ్మదిగా అరగదీయాలి. చందనం అరగదీసినట్టే. ఆ కాసేపట్లో మనసు కుదుటపడుతుంది. ఒకసారి గీసిన గీతను మళ్లీ దిద్దరు. రబ్బరు లేదు, వైట్‌నర్ లేదు.

మన తాతలు తాటాకు మీద గంటంతో గీరి, ఆ గీతల్లో మసి పూసి రాశారు. తాటాకు నిలువుగా చీలిపోకుండా ఉండడానికే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. వారి అక్షరం కుంచె వల్ల సాగింది, మన అక్షరం గంటం వల్ల చుట్టుకుంది. పనిముట్టును బట్టి అందం వచ్చిందన్న మాట. ఈ కాలంలో ఒక మనిషి చేతిరాత ఎంత దూరం పోగలదో చూడాలంటే మన బాపు గారి రాత చూడండి. ఆయన 2014లో కాలం చేశారు. ఆయన చేతిరాతను పోలిన అక్షరాలు నేడు పుస్తకాల అట్టల మీద, పెళ్లి శుభలేఖల మీద కూడా కనబడుతున్నాయి.

పదిహేడు మాత్రల కవిత

ఇక హైకూ. పదిహేడు అక్షరాలు, ఐదు–ఏడు–ఐదు అని అందరూ చెబుతారు. నిజానికి వారు లెక్కించేది మన అక్షరం కంటే మన మాత్రకు దగ్గర. దీర్ఘం వస్తే రెండు లెక్క, పొల్లు ‘న్’ వస్తే దానికి ఒకటి. టోక్యో అన్న మాటను వారు టో–ఓ–క్యో–ఓ అని నాలుగుగా లెక్కిస్తారు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తం పట్టుకొని చెప్పిన పాఠం గుర్తుందా? అది తెలిసినవారికి జపాను ఛందస్సు సగం తెలిసినట్టే.

హైకూకు ఇంకా రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి, ఋతువును తెలిపే మాట ఒకటి ఉండాలి. వారి సంప్రదాయంలో చంద్రుడు అని ఊరికే అంటే శరత్కాలపు చంద్రుడే. కప్ప అంటే వసంతం. మనకైతే కప్ప వానాకాలపు జీవి. ఇలాంటి మాటలన్నీ ఋతువుల వారీగా పేర్చిన నిఘంటువులు వారికి ఉన్నాయి. మన పంచాంగం లాంటివనుకోండి. రెండవది, కవితలో ఒకచోట తెగింపు ఉండాలి. ఒక దృశ్యం చెప్పి, ఆగి, రెండవది చెప్పాలి. ఆ రెండింటి నడుమ ఖాళీని చదివేవాడు నింపుకోవాలి.

ఈ కవితకు గౌరవం తెచ్చినవాడు బషో, 1644లో పుట్టి 1694లో పోయాడు. 1689లో ఆయన నేటి టోక్యో అయిన ఎదో నుంచి కాలినడకన ఉత్తర దిక్కుకు బయలుదేరి, సుమారు అయిదు నెలలు, ఇంచుమించు 2,400 కిలోమీటర్లు తిరిగాడు. ఆ యాత్రా గ్రంథం జపాను సాహిత్యంలో రత్నం వంటిది. దారిలో మత్సుషిమా అనే చోటు ఉంది. సముద్రంలో పైన్ చెట్లతో నిండిన చిన్న చిన్న దీవులు. జపానులో అతి సుందరమైన మూడు దృశ్యాల్లో అది ఒకటని ప్రసిద్ధి. దాని గురించి గ్రంథంలో చక్కని వచనం రాసిన బషో, అక్కడ తన హైకూ ఒక్కటి కూడా పెట్టలేదు. తోటి ప్రయాణికుడైన శిష్యుని కవిత మాత్రం చేర్చాడు. అంత అందం ముందు ఊరుకోవడమే మర్యాద అనుకున్నాడేమో. ఈ పద్ధతి మన సభల్లో వక్తలు కూడా కొంచెం నేర్చుకోవచ్చు. నేను నా సంగతే అంటున్నాను.

తరువాత బుసోన్ వచ్చాడు, 1716లో పుట్టి 1784 వరకు జీవించాడు. ఆయన చిత్రకారుడు, కవి, లేఖకుడు కూడా. బషో యాత్రా గ్రంథాన్ని తన చేత్తో రాసి, బొమ్మలు వేసి ప్రతులు తయారుచేశాడు. బొమ్మ, కవిత, చేతిరాత ఒకే కాగితం మీద ఉండే ఇటువంటి రచనను ‘హైగ’ అంటారు. ఈనాడు ఫోటో మీద హైకూ రాస్తున్నవారంతా ఆ హైగకు మనవలే.

మన దేశానికి ఈ కబురు మోసుకొచ్చిన పెద్దల్లో రవీంద్రనాథ్ ఠాగూరు ముఖ్యులు. 1916లో జపాను వెళ్లి వచ్చి, ఆ చిన్న కవితల గురించి బెంగాలీలో రాశారు. తెలుగులో 1990లలో హైకూకు మంచి ఊపు వచ్చింది. గాలి నాసరరెడ్డి గారు జపాను హైకూలను తెలుగు చేశారు. కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్వశాస్త్రం బోధించిన ఇస్మాయిల్ గారు 1997లో ‘కప్పల నిశ్శబ్దం’ అనే హైకూ సంపుటి తెచ్చారు. పెన్నా శివరామకృష్ణ గారు, బి.వి.వి. ప్రసాద్ గారు, ఇంకా ఎందరో రాశారు. మాత్రల లెక్కను చాలామంది పక్కన పెట్టి, మూడు పాదాలను, క్లుప్తతను ఉంచుకున్నారు. దానికంటే చాలా ముందే, శాతవాహన రాజు హాలుని పేర ఉన్న ప్రాకృత గాథా సప్తశతిలో రెండేసి పాదాల్లో పల్లెలు, పొలాలు, గోదావరి గట్లు కనబడతాయి. పొట్టి కవిత మన దక్కను నేలకు కొత్త కాదు.

గాజు తలుపు, నేతిబీర పాదు

మన వయసువారికి బషో కంటే షికి దగ్గరవాడని నా అభిప్రాయం. వయసులో కాదు. ఆయన 1867లో పుట్టి, 1902లో ముప్పై నాలుగేళ్లకే పోయాడు. హైకూ అనే పేరును స్థిరపరచినవాడు ఆయనే. ఉన్నది ఉన్నట్టు చూడమనే ‘షాసెయ్’ సూత్రం హైకూకు పట్టించినవాడూ ఆయనే. క్షయ వెన్నెముకకు పాకి, చివరి సంవత్సరాలు మంచం మీదనే గడిపాడు. మంచం అంటే మంచం కాదు, నేల మీద పరుపు. ఆయన ప్రపంచమంతా ఆరడుగుల పడక, దాని అవతల చిన్న పెరడు. చలికాలంలో తలుపులు మూస్తే ఆ పెరడూ కనబడదు. జపాను ఇళ్ల తలుపులకు అప్పట్లో కాగితం అంటించేవారు కదా. అందుకని మిత్రులు గాజు తలుపులు బిగించి ఇచ్చారు. ఆ గాజులోంచి కోడిజుట్టు పూలను చూస్తూ, వానను చూస్తూ, రోజూ పత్రికకు రాశాడు.

పెరట్లో నేతిబీర పాదు వేయించుకున్నాడు. దాని తీగ నుంచి తీసిన నీరు కఫానికి మందని వారి నమ్మకం. చనిపోవడానికి ముందురోజు, పక్కనున్నవారు అట్ట పట్టుకుంటే, పడుకునే కుంచె అందుకొని నేతిబీర మీద మూడు హైకూలు రాశాడు. అవే చివరివి. ఆయన వర్ధంతిని ఇప్పటికీ నేతిబీర పేరుతోనే పిలుస్తారు. మన ఇళ్లల్లో పచ్చడి చేసుకునే ఆ నేతిబీరకాయకు అంత చరిత్ర ఉంది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామందికి మోకాళ్లు సహకరించవు. ఫ్యూజీ పర్వతం ఎక్కలేం, అరకు కూడా ఎక్కలేం. అపార్టుమెంటు ఆరవ అంతస్తులో బాల్కనీ ఒక్కటే మన పెరడు. ప్రకృతి చూడాలంటే ప్రయాణాలు చెయ్యాలన్నది అపోహ అని షికి నిరూపించాడు.

వయసు మించిపోయిందని బాధపడేవారికి ఇంకొక పేరు చెబుతాను. హొకుసాయ్. ఫ్యూజీ పర్వతం మీద ముప్పై ఆరు దృశ్యాల ముద్రణ చిత్రాలు వేసినవాడు. పెద్ద అల కింద పడవలు, దూరాన చిన్నగా ఫ్యూజీ ఉండే బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అది ఆ వరుసలోదే. 1760లో పుట్టిన ఆయన ఈ వరుస మొదలుపెట్టేనాటికి వయసు డెబ్బై. బాగా అమ్ముడుపోవడంతో మరో పది చేర్చి నలభై ఆరు చేశాడు. 1849లో, ఎనభై ఎనిమిదేళ్ల దాకా గీస్తూనే ఉన్నాడు. మన పాత రూలు ప్రకారం యాభై ఎనిమిదికి రిటైర్ చేసి ఉంటే ఆ అల మనకు దక్కేది కాదు.

కెమెరా పట్టిన ఉద్యోగులు

1863 నాటికి ఫెలీస్ బియాతో అనే ఫోటోగ్రాఫరు యొకోహామా చేరి, జపాను దృశ్యాలను తీసి వాటికి చేతితో రంగులద్దించి అమ్మాడు. అంతకు ముందు 1858లో అతడే మన లక్నోలో ఫోటోలు తీశాడు. ఇంచుమించు అదే కాలంలో నాగసాకిలో ఉయెనో హికోమా స్టూడియో పెట్టాడు. ఆ తరం ఫోటోగ్రాఫరు మన దగ్గర ఎవరంటే రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. ఫోటోలు తీయడం మొదట సరదా. తరువాత ఉద్యోగం వదిలి, 1880లలో సికిందరాబాదులో స్టూడియో తెరిచాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. ఆనాటి హైదరాబాదు ఎలా ఉండేదో మనం ఈనాడు చూడగలుగుతున్నామంటే ఒక మాజీ డ్రాఫ్ట్స్‌మన్ పుణ్యమే. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను కాస్త గర్వపడితే క్షమించాలి.

జపానులోనూ అటువంటి ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. షిన్‌జో మాయెదా, 1922లో పుట్టి 1998లో పోయాడు. ఒక వర్తక సంస్థలో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి, నలభై దాటాక మానేసి, ప్రకృతి దృశ్యాలు తీయడం వృత్తిగా పెట్టుకున్నాడు. హొక్కయిదో దీవిలో బియెయ్ అనే వ్యవసాయ ప్రాంతపు మెట్టలను తీశాడు. గోధుమ చేలు, బంగాళదుంప చేలు, మధ్యలో ఒంటరి చెట్టు. అంతవరకు అవి రైతుల పొలాలు. ఆయన ఫోటోల తరువాత జనం చూడడానికి రావడం మొదలుపెట్టారు. 1987లో పాత బడి ఒకటి ఆయన ఫోటోల ప్రదర్శనశాల అయింది. మామూలు పొలాన్ని అక్కరతో చూసినందుకు ఆ ఊరికే పేరు వచ్చింది.

మన కొండ, మన నీరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్యోటో నగరంలో ర్యోఆన్‌జీ అనే గుడి ఉంది. దాని ముందు తెల్లని గులకరాళ్లు పరచిన దీర్ఘచతురస్రం, అందులో పదిహేను రాళ్లు. నీరు లేదు. దాన్ని ఎండు కొండ–నీరు అంటారు. వసారాలో ఎక్కడ కూర్చున్నా పదిహేనింటిలో కనీసం ఒకటైనా కనబడకుండా దాగుతుంది. ఆ పదిహేను రాళ్లను చూడడానికి ప్రపంచమంతటి నుంచి జనం విమానాల్లో వెళతారు.

మనకు పదిహేను కాదు, వేలు ఉండేవి. ఈ దక్కను గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. హిమాలయాలు దీని ముందు పసిపిల్లలు. భూమి లోపల ఉండగానే ఈ రాయిలో నిలువు, అడ్డం పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు కరిగి, రాళ్లు గుండ్రబడ్డాయి. పైమట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాయి. ఏ శిల్పీ పెట్టలేదు, ఏ క్రేనూ ఎత్తలేదు. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. ఒక రాతి మీద ఇంకొక రాయి గొడుగులా నిలిచిన పుట్టగొడుగు బండ హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి మన ప్రాంతం ఎలా మారిందో మీకు తెలుసు. దాని వల్ల మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, మనకు ఇక్కడ ఫ్లాట్లు వచ్చాయి. కనుక నేను ఎవరినీ తప్పుపట్టడానికి నిలబడలేదు. కాని లెక్క అంటే రెండు వైపులా రాయాలి. జమ రాసినచోట ఖర్చూ రాయాలి.

మా కాలనీ చివర ఏనుగు వీపంత బండ ఉండేది. పిల్లలు జారుడుబండగా వాడేవారు. సాయంత్రం దాని మీద కూర్చుంటే చీకటి పడ్డాక కూడా వెచ్చగా ఉండేది. ఒక ఎండాకాలంలో నెల రోజులు డ్రిల్లింగు చప్పుడు వినబడింది. ఇప్పుడక్కడ సెల్లారు ఉంది. ఆ బండ ఫోటో కోసం ఇల్లంతా వెతికితే ఒకటే దొరికింది. అది మా అమ్మాయి పుట్టినరోజు ఫోటో. వెనకాల మూలన బండ అంచు కనబడుతోంది. ఇరవై ఏళ్లు కళ్లెదుట ఉన్నదానికి మిగిలిన సాక్ష్యం అంతే.

ఈ రాళ్ల కోసం పాటుపడినవారు లేకపోలేదు. 1996లో హైదరాబాదులో రాళ్ల పరిరక్షణ సంఘం, సొసైటీ టు సేవ్ రాక్స్, ఏర్పడింది. ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన నరేంద్ర లూథర్ గారు దాని ముఖ్యుల్లో ఒకరు. ఆయన మనలాంటి పెన్షనరే. బంజారాహిల్స్‌లో తన ఇంటిని బండను పగలగొట్టకుండా దాన్ని కలుపుకొనే కట్టుకున్నారు. 2021లో కాలం చేశారు. ఆ సంఘం జనాన్ని వెంటబెట్టుకొని రాళ్ల మధ్య నడకలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయమై ఆందోళన జరిగి, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమని ఆదేశించిన సంగతి పత్రికల్లో చదివారు. ఆ వివాదంలోకి నేను పోను. పోయిన దాన్ని తిరిగి తేలేమన్న మాట మాత్రం రెండు పక్షాలకూ వర్తిస్తుంది.

మనం చేయగలిగింది ఏమిటి? మనకు అధికారం లేదు. పైరవీ చేసే ఓపిక లేదు. కాని మనకు తీరిక ఉంది, కళ్లు ఉన్నాయి, జేబులో ఫోను ఉంది, ట్రూ కాపీ తీసిన అనుభవం ఉంది. అందుచేత సంఘం తరఫున ఒక రిజిస్టరు తెరవాలని నా ప్రతిపాదన. పేరు ‘కొండ–నీరు రిజిస్టరు’.

విధానం ఇది. ఒకటి, ఫోటో. ఉదయం ఏడులోపుగాని సాయంత్రం అయిదు దాటాక గాని తీయండి. ఏటవాలు వెలుతురులో రాతి మీద గరుకు కనబడుతుంది. మధ్యాహ్నం తీస్తే చదునుగా వస్తుంది. పక్కన ఒక మనిషినో చేతికర్రనో ఉంచితే రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది. స్థలం, తేదీ, ఏ దిక్కుగా నిలబడి తీశారో రాయండి. బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు గట్టు, మీ వీధి చివరి బండ, ఏదైనా సరే. బయటకు రాలేనివారు బాల్కనీ నుంచి తీయండి.

రెండు, మూడు పాదాలు. కవిత్వం రాదని భయపడకండి. చూసింది చెప్పి ఆగాలి, అంతే. ఉపమానాలు వద్దు, నీతులు అసలే వద్దు. ఋతువు కోసం జపాను నిఘంటువు అక్కరలేదు, మనకు కార్తెలున్నాయి. రోహిణి అంటే రోళ్లు పగిలే ఎండ, మృగశిర అంటే తొలి చినుకు, ఆరుద్ర అంటే ఎర్ర మఖమల్ పురుగు. ఒక్క మాటతో కాలం తెలిసిపోతుంది. నమూనాకు నేను అల్లినవి వినిపిస్తాను. ఇంతకంటే బాగా మీరు రాయగలరన్న ధైర్యం కోసమే.

రోహిణి కార్తె
బండ నీడ జరిగింది
గొర్రెలూ జరిగాయి

క్రేను ఆగింది
సీతాఫలం కొమ్మ మీద
పిట్ట మళ్లీ మొదలు

దుర్గం చెరువు
నీళ్లలో వంతెన దీపాలు
ఒక చేప కదిపింది

మందుల డబ్బా
మూత తీసేసరికి
కిటికీలో వాన

మూడవ పాదంలో చేప అన్నాను గాని, చెరువు మీద తీగల వంతెన 2020లో తెరిచారు. గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చిన చెరువు అది. నాలుగు వందల ఏళ్ల నాటి నీళ్లలో నేటి దీపాలు. ఈ వివరణ కవితలో పెట్టకూడదు, రిజిస్టరులో రిమార్కుల కాలంలో రాయాలి.

మూడు, చేతిరాత. దయచేసి టైపు చేయకండి. మీ మూడు పాదాలను మీ చేత్తో, తెలుగులో, కాస్త పెద్ద అక్షరాలతో రాయండి. చెయ్యి వణికితే వణకనివ్వండి. వణుకూ మీదే. జపానులో జనవరి 2న ఆ ఏటి తొలి రాత రాసే ఆచారం ఉంది. పిల్లలు, పెద్దలు కుంచె పట్టుకొని ఒక మంచి మాట రాస్తారు. మనం దాన్ని ఉగాదికి పెట్టుకుందాం. పంచాంగ శ్రవణం అయ్యాక మనవల పక్కన కూర్చుని తొలి రాత రాద్దాం. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలకు తాతయ్య చేతిరాత చూసి తెలుగు గుణింతం మీద ఆసక్తి కలిగితే అంతకంటే కావలసిందేముంది? అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలకు ఆ పేజీ ఫోటో తీసి పంపండి. మనం రోజూ పంపే శుభోదయం పూలబొమ్మల కంటే వారు దాన్ని ఎక్కువసేపు చూస్తారని నా నమ్మకం.

మన ఆడపడుచులకు ప్రత్యేక విన్నపం. ఫ్యామిలీ పెన్షను తీసుకుంటూ ఒంటరిగా ఉన్న అక్కలు, వదినలు ఈ రిజిస్టరులో ముందు రాయాలి. రాళ్ల మధ్య బతుకమ్మకు తంగేడు కోసుకొచ్చిన దారులు, చెరువు గట్టున ఆడుకున్న చోట్లు మగవారి కంటే వారికే బాగా గుర్తు. ఇక్కడే పుట్టి పెరిగిన పాత గ్రామస్థుల్ని కూడా పిలుద్దాం. ఏ బండకు ఏ పేరు ఉండేదో వారికి తెలుసు. ఆ పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. మ్యాపులు గీసినవాడిగా చెబుతున్నాను.

మిత్రులారా, మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. వేలిముద్ర పడకపోతే కంటిపాప చూపిస్తాం. అది ట్రెజరీకి ఇచ్చేది. ఈరోజు తెల్లవారుజామున ఏం చూశాను, ఏ పిట్ట కూసింది, ఏ రాయి మీద ఎండ పడింది అని మూడు పాదాలు రాసుకుంటే అది మనకు మనం ఇచ్చుకునే లైఫ్ సర్టిఫికెట్. దానికి గెజిటెడ్ అధికారి సంతకం అక్కరలేదు.

రిజిస్టరు కొనడానికి, అట్ట వేయించడానికి అయ్యే ఖర్చు నేను భరిస్తాను. మొదటి పేజీ సంఘంలో పెద్దవారైన సభ్యులకు వదిలిపెడదాం. రెండవ పేజీ నుంచి వరుస క్రమం. వచ్చే నెల సమావేశానికి ప్రతివారూ ఒక ఫోటో, మూడు పాదాలు తీసుకొని రావలసిందిగా కోరుతున్నాను.

 బకాయిల సంగతి చెప్పవలసిన మిత్రులు నా వైపు చూస్తున్నారు. సెలవు.